బొమ్మ, బొరుసు, అంచు

షోలాపూర్ దాజీ పేట్‌లో తువ్వాలు కొనడానికి వచ్చిన పరాయి మనిషి ముందు పువ్వు చూస్తాడు. నేతగాడు అంచు చూస్తాడు. పువ్వు సంగతి జకార్డ్ అట్టలు చూసుకుంటాయి. మగ్గం ఎలా నడిచిందో, పేక ఎక్కడ బిగిసిందో, ఎక్కడ వదులైందో చెప్పేది అంచే. మా ఇంట్లో సందుగ అడుగున ఉన్న పాత నాణేల డబ్బాను నేను మొదటిసారి నేల మీద కుమ్మరించిన రోజున మా తాత అన్న మాటా అదే: "బొమ్మ అందరూ చూస్తరు బిడ్డా. నువ్వు అంచు చూడు."

మగ్గానికీ టంకశాలకూ ఉమ్మడి మాట ఒకటుంది: అచ్చు. మగ్గం మీద అచ్చంటే పడుగు పోగులు వరసగా దూరి నిలిచే పళ్ళ చట్రం. టంకశాలలో అచ్చంటే బొమ్మను తిరగేసి లోతుగా చెక్కిన ఉక్కు దిమ్మ. పని వేరైనా న్యాయం ఒకటే. మగ్గం అచ్చులో ఒక పన్ను వంగితే బట్ట పొడుగునా చార పడుతుంది. టంకశాల అచ్చు ఒకచోట పగిలితే, ఆ తరవాత దాని కింద పడిన ప్రతి నాణెం మీదా ఆ పగులు సన్నని గట్టులా పొంగి కనిపిస్తుంది. చారను పట్టుకుని వంగిన పన్ను దాకా వెళ్ళగలిగినవాడికి, గట్టును పట్టుకుని పగిలిన అచ్చు దాకా వెళ్ళడం కష్టం కాదు. పాత నాణెం అసలుదా, నకిలీదా అని తేల్చే విద్యకు మొదలు ఇక్కడే. నాణెం ఎలా పుడుతుందో తెలిస్తే, అలా పుట్టనిది దానంతట అదే బయటపడుతుంది.

ఆ డబ్బాలో అన్ని రకాల నాణేలు ఎందుకు చేరాయో ముందు చెప్పాలి. షోలాపూర్ బొంబాయి ప్రెసిడెన్సీలో ఉండేది. పక్కనే ఉన్న తుల్జాపూర్, నల్‌దుర్గ్ నిజాం రాజ్యం. నల్లగొండ, కరీంనగర్, వరంగల్, పాలమూరు వైపు నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలీలు కొంగున ముడేసుకుని తెచ్చింది నిజాం నాణెం, హాలీ సిక్కా. ఇక్కడ చేతికి వచ్చే కూలి కల్దారు. ఉర్దూలో 'కల్' అంటే యంత్రం. యంత్రం మీద తయారైన ఇంగ్లీషు రూపాయిని నిజాం ఇలాకాలో కల్దారు అనేవాళ్ళు. మారకం 7 హాలీ రూపాయలకు 6 కల్దార్లు.

ఈ 7కి 6 అనే లెక్కను నాణేల్లోంచే తీయవచ్చు. కల్దారు రూపాయి బరువు సరిగ్గా ఒక తులం, అంటే 11.66 గ్రాములు. అందులో పన్నెండు పాళ్ళకు పదకొండు పాళ్ళు వెండి. హాలీ సిక్కాల్లోని చార్మినార్ రూపాయి బరువు 11.18 గ్రాములు, వెండి నూటికి దాదాపు 82 పాళ్ళు. ఆరు కల్దార్లలోని మేలిమి వెండిని కలిపితే 64 గ్రాములు దాటుతుంది. ఏడు హాలీ రూపాయలది కలిపినా 64 గ్రాములే. మా ముత్తాతకు చదువు రాదు. అయినా సరాఫు అరుగు మీద ఆయన మార్చుకున్నది ఈ లెక్కనే. నాణెం మీద రాసి ఉన్నది ఒక ఎత్తు, నాణెం లోపల ఉన్నది ఒక ఎత్తు. రెండూ కలిస్తేనే నాణెం.

ఇప్పుడు ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుందాం. అన్నిటికన్నా పాతవి శివరాయిలు, మరాఠాల రాగి కాసులు. ఒక వైపు మూడు వరసల్లో 'శ్రీ రాజా శివ', ఇంకో వైపు రెండు వరసల్లో 'ఛత్రపతి' అని నాగరి లిపిలో ఉంటుంది. ఇవి సుత్తి దెబ్బతో పుట్టినవి. రాగి బిళ్ళను కింది అచ్చు మీద పెట్టి, పై అచ్చును చేత్తో నిలబెట్టి, దాని నెత్తిన సుత్తితో కొట్టేవారు. అచ్చు పెద్దది, బిళ్ళ చిన్నది. అందుకే చాలా కాసుల మీద రాత పూర్తిగా పడదు. ఒకదాని మీద 'రాజా' కనిపిస్తుంది, ఇంకోదాని మీద 'శివ' సగం తెగి ఉంటుంది. దెబ్బకు రాగి పక్కలకు పాకుతూ అంచున చీలుతుంది. ఆ చీలిక గోడలు భూతద్దంలో గరుకుగా, పీచు తెగినట్టు ఉంటాయి. కరిగించి మూసలో పోసిన నకిలీలో కూడా చీలిక ఉంటుంది కానీ, దాని గోడలు కరిగిన మైనంలా గుండ్రంగా ఉంటాయి. చక్కని గుండ్రటి బిళ్ళ మీద అక్షరాలన్నీ నిండుగా ఉన్న శివరాయి దొరికితే మురిసిపోయే ముందు ఆగాలి. అది అదృష్టం కావచ్చు. మూస కూడా కావచ్చు.

చేతి ముద్రలో నన్ను ఎక్కువగా ఆపేసింది మాత్రం మా డబ్బాలో లేని నాణెం. దాని పేరు లారీ. పర్షియాలోని లార్ పట్టణం నుంచి ఆ పేరు వచ్చింది. వేలెడు పొడవున మధ్యకు మడిచిన వెండి తీగ, దాని మీదే ముద్ర. అంతే నాణెం. బరువు 5 గ్రాములకు కాస్త తక్కువ. మనకు దగ్గరి బీజాపూర్‌లో రెండో అలీ ఆదిల్‌షా పేరు మీద 17వ శతాబ్దంలో ఇలాంటివి వేశారు. మొదటిసారి మ్యూజియం అద్దం వెనక చూసినప్పుడు విరిగిన జడపిన్ను అనుకున్నాను. జరీ పోగును వేళ్ళ మధ్య తిప్పి బతికిన ఇంటివాడికి, తీగే డబ్బుగా చెల్లిన రోజులున్నాయని తెలియడం చిన్న సంతోషం కాదు.

ఇక చార్మినార్ రూపాయి. హైదరాబాదు టంకశాలలో సుత్తి పోయి యంత్రం వచ్చాక, 20వ శతాబ్దం మొదట్లో మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో ఈ బొమ్మ మొదలైంది. నాలుగు మీనార్లు, మధ్యలో కమాను. ఆ కమాను కింద, తలుపు ఉండాల్సిన చోట, ఒక్క అరబ్బీ లిపి అక్షరం. 'మీమ్' ఉంటే మహబూబ్. 'ఐన్' ఉంటే ఉస్మాన్, అంటే 1911లో గద్దెనెక్కిన చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. ఐన్‌లోనూ రెండు రకాలున్నాయి. తొలి ముద్రల్లో అక్షరం తల మాత్రమే ఉంటుంది, తరవాతి వాటిలో తోకతో సహా పూర్తి అక్షరం. గోరంత చోటులో చెక్కిన ఈ ఒక్క అక్షరాన్ని బట్టే రాజు తెలుస్తాడు. బిరుదుల రాతలో 92 అనే అంకె కూడా ఉంటుంది. అది సంవత్సరం కాదు. అరబ్బీ అక్షరాలకు విలువలు కట్టే పద్ధతిలో 'ముహమ్మద్' అనే పేరుకు వచ్చే మొత్తం: 40, 8, 40, 4. కూడితే 92.

ఆ లిపి చదవడం రాదని ఈ నాణెం ముందు భయపడనక్కరలేదు. రాత కుడి నుంచి ఎడమకు నడిచినా అంకెలు మనలాగే ఎడమ నుంచి కుడికి నడుస్తాయి. సున్నా ఒక చుక్క, ఒకటి ఒక నిలువు గీత, అయిదు తలకిందుల గుండె ఆకారం. పది గుర్తులు ఒక సాయంత్రంలో వచ్చేస్తాయి. హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో హెచ్చవేసి 622 కలిపితే మన సంవత్సరం దగ్గరికి వస్తుంది. 1321ని అలా చేస్తే 1903. హిజ్రీ సంవత్సరంతో పాటు రాజు ఏలుబడిలో ఎన్నో ఏడో కూడా నాణెం మీద ఉంటుంది. ఉస్మాన్ అలీ ఖాన్‌కు పట్టం కట్టింది 1329 హిజ్రీలో కాబట్టి, 1343 నాటి నాణెం మీద 14 గానీ 15 గానీ ఉండాలి. రెండు లెక్కలూ కలవకపోతే, ఒక నాణెం బొమ్మనూ ఇంకో నాణెం బొరుసునూ అతికినవాడి తొందర పట్టుబడినట్టే.

కల్దార్లలో ముందు అంచు చూడాలి. యంత్రం ముద్రలో బిళ్ళ చుట్టూ పళ్ళు చెక్కిన ఉక్కు కట్టు ఉంటుంది. పై అచ్చు దిగిన క్షణంలో లోహం పక్కలకు తోసుకుని కట్టు పళ్ళలోకి దూరుతుంది. బొమ్మ, బొరుసు, అంచు మూడూ ఒకే దెబ్బలో పుడతాయి. అందుకే అసలు నాణెం అంచున పళ్ళు చుట్టూ ఒకే లోతున, ఒకే ఎడంతో ఉంటాయి. నకిలీ చేసేవాడికి అన్నిటికన్నా కష్టమైన చోటు ఇదే. రెండు సగాలను మూసలో పోసి అతికితే అంచు మధ్యన సన్నని కుట్టు కనిపిస్తుంది. ఆకురాయితో ఆ కుట్టును అరగదీస్తే అక్కడి పళ్ళు కూడా పోతాయి. 1940లో రూపాయిలోని వెండిని సగానికి తగ్గించి, మిగతా సగం రాగి, నికెల్, జింకు కలిపారు. అలాంటి నాణేన్ని నకలు చేయడం సులువు కాబట్టి అంచున పళ్ళ మధ్యగా చుట్టూ ఒక గాడి పెట్టారు. బొమ్మ చూడకుండానే, వేలి కొసకు గాడి తగిలితే అది సగం వెండి రూపాయి అని చెప్పవచ్చు. కళ్ళు మూసుకుని నూలు నంబరు చెప్పే మా పేటలో ఇదేం వింత కాదు.

కల్దారు బొమ్మలో నిలిచి చూడాల్సిన ముచ్చట 1911 రూపాయిది. అయిదో జార్జి అంగీ మీది హారంలో చిన్న ఏనుగు ఉంది. చెక్కినవాడు తొండం పొట్టిగా, కాళ్ళు కురచగా పెట్టాడు. జనం అది పంది అన్నారు. ఆ ఏడాది ముద్రించినవి 90 లక్షలు దాటితే, బయటికి వెళ్ళినవి సుమారు 7 లక్షలే. మిగతావి మళ్ళీ కరిగిపోయాయి. 1912 నుంచి తొండం పొడుగై, చెవులు విప్పారి, ఏనుగు ఏనుగైంది. మినపగింజంత ఏనుగు తొండం ఒక సామ్రాజ్యపు టంకశాలను వెనక్కి నడిపించింది. పది రెట్లు పెద్దది చేసి చూపించే భూతద్దం కొనుక్కున్నవాడు ముందు చూడాల్సింది దీన్నే.

సంవత్సరం రాసి ఉందని గుడ్డిగా నమ్మకూడదు కూడా. విక్టోరియా బొమ్మతో 1862 అని ఉన్న రూపాయలన్నీ 1862లో పుట్టినవి కావు. 1874 దాకా అదే అంకెతో ముద్రించారు. బొంబాయి టంకశాలవాళ్ళు మాత్రం ఏ ఏటివో తమకు గుర్తుండేలా సంవత్సరం దగ్గర చిన్న చుక్కలు పెట్టుకున్నారు. నేతగాడు తాను వేసిన తానుకు కొసన గుర్తు పోగు వేసుకున్నట్టు.

ఈ సంగతి పరదేశం నాణేల్లో ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది. ఆస్ట్రియా రాణి మరియా థెరీసా బొమ్మ ఉన్న పెద్ద వెండి నాణెం మీద ఎప్పుడూ 1780 అనే ఉంటుంది. ఆమె చనిపోయిన సంవత్సరం అది. అరబ్బు దేశాల్లో, ఇథియోపియాలో వర్తకులు దాన్ని తప్ప వేరేది ముట్టుకోకపోవడంతో అదే సంవత్సరంతో తరాల తరబడి ముద్రిస్తూనే ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బొంబాయి టంకశాలలో కూడా వేశారు. బరువు 28.07 గ్రాములు, వెయ్యికి 833 పాళ్ళు వెండి. అంచున పళ్ళకు బదులు లాటిన్‌లో 'న్యాయం, కరుణ' అనే అర్థం వచ్చే అక్షరాలు ఉబ్బెత్తుగా ఉంటాయి. రాణి భుజం మీది పతకంలో ముత్యాలు తొమ్మిది ఉన్నాయో లేవో లెక్కపెట్టుకుని తీసుకునేవారట. దాని మీది తేదీ నిజం కాదు, నాణెం మాత్రం అసలుదే. ఇందుకు ఎదురుగా, తేదీ సరిగ్గా ఉండి నాణెం మాత్రం అబద్ధమైనవి సంతలో కుప్పలు.

మా పేట నుంచి గల్ఫ్‌కు పనికి వెళ్ళినవాళ్ళు సెలవులకు వచ్చినప్పుడు జేబుల్లో మిగిలిన చిల్లర పిల్లలకు పంచుతారు. అలా పది దేశాల నాణేలు చేరతాయి. వాటిని గుర్తుపట్టడానికి ముందు లిపి, తరవాత అంకెలు, ఆపైన పంచాంగం చూసుకోవాలి. థాయ్ నాణెం మీద 2500 ఉంటే బెంగపడక్కరలేదు. అది బుద్ధ శకం, 543 తీసేస్తే 1957. నేపాల్‌ది విక్రమ శకం, 57 తీసేయాలి. మధ్యలో చిల్లు ఉండి, మనకు తెలిసిన అంకె ఒక్కటీ లేని పసుపు నాణెం జపాన్ 5 యెన్‌లు. దాని మీద సంవత్సరం చక్రవర్తి ఏలుబడి లెక్కలో ఉంటుంది. షోవా అనే పేరుతో ఉన్న అంకెకు 1925 కలిపితే మన సంవత్సరం. అమెరికా నాణేన్ని నిటారుగా పట్టుకుని పక్కకు తిప్పితే రెండో వైపు తలకిందులుగా వస్తుంది. అది తప్పు కాదు, అక్కడి పద్ధతే అంత. ఏ దేశపు నాణెం ఎటు తిప్పితే నిటారుగా వస్తుందో తెలిసి ఉంటే, ఆ ఒక్క కదలికతోనే కొన్ని నకిలీలు దొరికిపోతాయి.

ఇప్పుడు పరీక్ష. చిన్న డిజిటల్ త్రాసు, కొలిచే వెర్నియర్, భూతద్దం, అయస్కాంతం, గ్లాసుడు నీళ్ళు, మూరెడు నూలు ఉంటే చాలు. కల్దారు అనుకుంటున్న నాణేన్ని త్రాసులో పెట్టాను: 11.6 గ్రాములు. అరుగుదలకు ఆ కాస్త తగ్గడం సహజం. ఎక్కువ వస్తే అనుమానించాలి, వాడకంలో నాణెం బరువు పెరగదు కదా. వెర్నియర్‌లో వ్యాసం 30 మిల్లీమీటర్ల పైన. అయస్కాంతం పట్టలేదు. వెండిని అది పట్టదు. 1947 నాటి నికెల్ రూపాయి అయితే టక్కున అంటుకునేది.

బరువు, కొలత, అయస్కాంతం మూడూ దాటిన నకిలీ నీళ్ళ దగ్గర ఆగిపోతుంది. గ్లాసులో నీళ్ళు పోసి త్రాసు మీద పెట్టి అంకెను సున్నా చేయాలి. నాణేన్ని నూలు పోగుకు కట్టి, అడుగుకూ గోడకూ తగలకుండా నీళ్ళలో పూర్తిగా మునిగేలా వేలాడదీయాలి. నూలుకు గాలి బుడగ పట్టి ఉంటే వేలితో మీటి వదిలించాలి. అప్పుడు త్రాసు మీద 1.13 దగ్గర అంకె నిలిచింది. నాణెం తొలగించిన నీళ్ళ బరువు అది. 11.6ను దానితో భాగిస్తే 10.3. పన్నెండుకు పదకొండు పాళ్ళ వెండికి రావలసినది అదే. అదే బరువున్న ఇత్తడి బిళ్ళ అయితే త్రాసు 1.3 దాటేది, ఎందుకంటే ఇత్తడి తేలిక, అదే బరువుకు ఎక్కువ చోటు కావాలి. రంగు పూయవచ్చు, బొమ్మ దించవచ్చు, బరువు సరిపెట్టవచ్చు. ఆ బరువు ఎంత చోటులో ఇమడాలో నిర్ణయించేది మాత్రం లోహమే.

ఇంత చేసినా భూతద్దాన్ని వదలకూడదు. 1939 రూపాయి అరుదు కాబట్టి 1938లోని ఎనిమిదిని చెక్కి తొమ్మిది చేసేవాళ్ళున్నారు. వెండి అసలుదే, తూకం అసలుదే, నీళ్ళ పరీక్షా నెగ్గుతుంది. కానీ అచ్చు దెబ్బకు లేచిన అంకె అంచులు నేల నుంచి నిలువుగా లేస్తాయి, చుట్టూ నేల నున్నగా ఉంటుంది. ఉలి తగిలిన అంకె చుట్టూ సన్నని గీతలుంటాయి. అరుగుదలకూ ఒక క్రమం ఉంది. ముందు అరిగేది చెంప, జుట్టు, కిరీటం వంటి ఎత్తైన చోట్లు. పల్లాలు ఆఖరున అరుగుతాయి. ఎత్తూ పల్లమూ సమానంగా మసకబారి ఉంటే అది వయసు కాదు, మూస.

కొన్నిటికి పరీక్ష కూడా అక్కరలేదు, చరిత్ర చాలు. ఒక వైపు రామపట్టాభిషేకం, ఇంకో వైపు 1818, ఈస్ట్ ఇండియా కంపెనీ అని ఉన్న రాగి బిళ్ళలు మా పేటలో చాలా ఇళ్ళ పూజ గదుల్లో ఉన్నాయి. పూజకు అవి పనికొస్తాయి. కంపెనీ నాణేలు మాత్రం కావు, అలాంటి నాణెం కంపెనీ ఎన్నడూ వేయలేదు. మద్రాసులో కంపెనీ వేసిన బంగారు వరహాల మీద ఇద్దరు దేవేరులతో వేంకటేశ్వరస్వామి ఉన్న మాట నిజమే. ఆ నిజం నీడలోనే ఈ అబద్ధం పెరిగింది. ఇక బియ్యం గింజలను లాక్కునే నాణెం ఉందని, కోట్లకు కొంటారని చెప్పే రైస్ పుల్లింగ్ మోసగాళ్ళ సంగతి: బియ్యాన్ని లాగే నాణెం ఏ టంకశాలలోనూ పుట్టలేదు.

చివరగా మా ఇంటి తప్పొకటి చెప్పుకోవాలి. ఒక దీపావళికి లక్ష్మీపూజలో పెట్టాలని డబ్బాలోని చార్మినార్ రూపాయిని చింతపండు, ముగ్గుపిండితో తళతళలాడేలా తోమాం. ఇప్పుడది మెరుస్తుంది. కమాను కింది ఐన్ మాత్రం చదవడానికి రాదు. మీ ఇంట్లో పాత నాణేలుంటే తోమకండి, అంచులు పట్టుకుని ఎత్తండి, మెత్తని నూలు బట్టలో వేరువేరుగా చుట్టండి. ఒక్కోదానికి ఒక చీటీ రాయండి: బరువు, వ్యాసం, అంచు, సంవత్సరం, ఎవరి చేతి నుంచి వచ్చిందో ఆ పేరు. పునాది తవ్వుతుంటే దొరికిన పాతర అయితే దాచుకోకండి, 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు చెప్పి తీరాలి. నూరేళ్ళు దాటిన నాణేన్ని అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. వెండి ధర పెరిగిందని కరిగించడానికి ఇచ్చే ముందు ఒక్కసారి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి అంచు చుట్టూ తిప్పి చూడండి. కరిగించాక మిగిలేది కొన్ని గ్రాముల వెండి మాత్రమే.